వసతిగృహమునకు వెళ్లు పెట్టె



ఈ పూట నేను మాటలాడదలచిన విషయము మిక్కిలి చిన్నది. చదువుకై ఇల్లు విడిచి వెళ్లిన విద్యార్థి వసతిగృహములో తన గదిని, తన పెట్టెను ఎట్లు సర్దుకొనవలెనను దానిని గూర్చి నాలుగు మాటలు చెప్పవలెనని వచ్చితిని. “పంతులుగారికి వయస్సు పైబడినది. వ్యాకరణమో పురాణమో చెప్పుటకు మారుగా పెట్టెలు, బుట్టలు అనుచున్నాడేమి?” అని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. నవ్విన తప్పు లేదు. కాని కడవరకు వినవలెనని ప్రార్థన.

మా ఈపూరులో జూన్ నెల వచ్చెనన్న రెండు పనులు ఒక్కమారే మొదలగును. రైతులు తొలకరికి ఎదురుచూచుచు గొర్రును, గుంటకను సవరించుకొందురు. వేసవి సెలవులు ముగిసి బిడ్డలు వసతిగృహములకు ప్రయాణమగుదురు. తెల్లవారుజామున బస్సు నిలుచు చోటికి పోయి చూడుడు. ఒక్కొక్క బిడ్డ చుట్టును ఇంటిల్లిపాది నిలిచియుందురు. నడుమ ఒక రేకుపెట్టె, దానిపై పరుపుచుట్ట, ప్రక్కన ప్లాస్టిక్ బకెట్టు, బకెట్టులో చెంబు, సబ్బుపెట్టె, చెప్పులు, పచ్చడి సీసా. తల్లి కన్నులు తుడుచుకొనుచుండును. తాత “డబ్బు జాగ్రత్త, పెట్టెకు తాళము వేసికొనుము” అని పదిమారులు చెప్పుచుండును. బస్సు కదలిన పిమ్మట ఎల్లరును ఇంటికి మరలుదురు. ఆ పెట్టె ఏ గదికి చేరునో, ఏ మంచము క్రింద దూరునో, పది దినములకు దాని లోపలి స్థితి యేమగునో చూచినవారు మనలో అరుదు. నేను చూచితిని. ముప్పది రెండేండ్లు బడిపంతులుగా పనిచేసినవాడను. అందు ఏడేండ్లు ఒక వసతిగృహము యొక్క పర్యవేక్షణము కూడ నా పాలబడినది.

చదువుకై ఇల్లు విడుచుట మనకు క్రొత్త కాదు. పూర్వము బ్రహ్మచారి గురువుగారి యింట నుండెడివాడు. మా పెద్దల కాలమున పేదపిల్లలు వారములు చేసికొని, సోమవారము ఒక యింట, మంగళవారము వేరొక యింట భుజించి చదివెడివారు. వారికి పెట్టె యనునదియే లేదు. ఒక పంచె, ఒక తువ్వాలు, ఒక పుస్తకపు మూట. తరువాత సంఘములవారును, దాతలును వసతిగృహములు కట్టించిరి. హైదరాబాదున 1918వ సంవత్సరమున వెలసిన రెడ్డి వసతిగృహము అట్టివానిలో పేరెన్నిక గన్నది. గోలకొండ పత్రికను నడపిన సురవరము ప్రతాపరెడ్డిగారు దాని యాజమాన్యమును వహించినవారు. పిమ్మట ప్రభుత్వము సంక్షేమ వసతిగృహములను నెలకొల్పినది. 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో మొదటి గురుకుల పాఠశాలయు, 1972లో మన గుంటూరు ప్రక్కనున్న తాడికొండలో మరియొకటియు ఆరంభమైనవి. చిలకలూరిపేట దాపున మద్దిరాలలో నవోదయ విద్యాలయము కలదు. బాలికలకై 2004 నుండి కస్తూర్బా విద్యాలయములు వచ్చినవి. ఇవి గాక నరసరావుపేట, గుంటూరు, విజయవాడలలో రుసుము గైకొను కళాశాలల వసతిగృహములెన్నియో కలవు. నేడు మన పల్లెలలో ఒక్క బిడ్డనైనను వసతిగృహమునకు పంపని వీధి లేదనిన అతిశయోక్తి గాదు.

ఇక గది మాట. పండ్రెండడుగుల పొడవు, పది యడుగుల వెడల్పు గల గదిలో నలుగురు పిల్లలుందురనుకొనుడు. గది వైశాల్యము నూట యిరువది చదరపుటడుగులు. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు గల మంచములు నాలుగు వేసినచో డెబ్బదిరెండడుగులు వానికే చెల్లినవి. మిగిలినవి నలువదియెనిమిది. తలకు పండ్రెండు. అందులో తలుపు తిరుగవలెను, నలుగురు నడవవలెను, ఒకడు తల దువ్వుకొనవలెను. అనగా ఒక్కొక్క బిడ్డకు నిజముగా దక్కు నేల ఒక చిన్న చాప పరచునంతయు లేదు. మనము కళ్లములోను, పెరటిలోను, వసారాలోను విచ్చలవిడిగా తిరుగ నిచ్చి పెంచిన బిడ్డను ఒక్కనాడు ఆ చాపెడు చోట కూర్చుండబెట్టుచున్నాము. అట్టి చోట ఎట్లు మెలగవలెనో వానికి ఎవ్వరు నేర్పిరి? పాఠ్యగ్రంథములలో ఆ పాఠము లేదు. ఇంటిలో నేర్పవలెను. ఆ పెట్టెను సర్దునది ఇంటిలోనివారే గనుక ఈ మాటలు మీతో చెప్పుచున్నాను.

మన పల్నాటిలోనే, సుమారు పదునేడు వందల యేండ్ల క్రిందట, ఇట్టి చిన్న గదులలో నివసించి చదివినవారుండిరి. నాగార్జునకొండ కథ మీరెరుగుదురు. ఇక్ష్వాకు రాజుల విజయపురి అచ్చట నుండెను. క్రీస్తు శకము మూడవ శతాబ్దమున అచ్చట బౌద్ధవిహారములు పెక్కు వెలసినవి. సింహళదేశపు భిక్షువులకై ఒక విహారము ప్రత్యేకముగా నుండెడిది. 1954 మొదలు 1960 వరకు, సాగరపు నీట ఆ లోయ మునుగక మున్ను, పురాతత్త్వశాఖవారు త్రవ్వి చూడగా విహారముల కట్టడము తేటపడినది. నడుమ స్తంభముల మండపము, చుట్టును వరుసగా చిన్న చిన్న గదులు. కొన్ని కట్టడములను పెకలించి కొండపైకిని, అనుపునకును చేర్చి మరల నిలిపిరి. మీలో పలువురు వానిని చూచియుందురు.

ఆ గదులలోని భిక్షువునకు స్వంతమని చెప్పుకొనదగిన పరికరములు ఎనిమిదే అని బౌద్ధుల నియమము. మూడు వస్త్రములు, ఒక భిక్షాపాత్ర, ఒక మంగలికత్తి, ఒక సూది, ఒక నడికట్టు, నీరు వడకట్టు గుడ్డ. ఈ యెనిమిదియే. మన పిల్లలు భిక్షువులు గారు, కానక్కరలేదు. ఎనిమిది వస్తువులతో పదవ తరగతి గడవదు. అయినను ఆ నియమములలో నాకు నచ్చినది మరియొకటి కలదు. సంఘమునకు చెందిన మంచమునో, పీటనో, పరుపునో ఆరుబయట వేసికొన్న భిక్షువు, లేచి పోవునప్పుడు దానిని తాను తీసి పెట్టవలెను, లేదా వేరొకనిచే తీయింపవలెను, అదియు కానిచో చెప్పియైన పోవలెను. ఊరక విడిచి పోయినచో అది ప్రాయశ్చిత్తము చేసికొనదగిన దోషము. చూచితిరా! సంసారమును విడిచినవారికి కూడ మంచము తీసి పెట్టుట ధర్మములో చేరినది. పదిమంది కూడియుండు చోట ఒకని అశ్రద్ధ తక్కిన తొమ్మండుగురకు బాధయగునని వారెరిగిరి.

ఇప్పుడు నా జీవితములో జరిగిన యొక సంగతి చెప్పెదను. ఇది నాకు కీర్తి తెచ్చునది కాదు. కాని ఈ ప్రసంగమునకు మూలమిదియే.

ఇరువది యేండ్ల క్రిందటి మాట. నేను పర్యవేక్షకుడనుగా నున్న వసతిగృహములో, ఒక గదిలో, పదవ తరగతి చదువు పిల్లలు నలుగురుండిరి. వారిలో ఒకడు కలిగిన యింటివాడు. వాని పెట్టె పెద్దది. ఇంటి నుండి వచ్చునప్పుడెల్ల తల్లి ఏదో యొకటి దానిలో కుక్కి పంపెడిది. బట్టల నడుమ పుస్తకములు, పుస్తకముల నడుమ చేగోడీల డబ్బా, డబ్బా క్రింద తడి ఆరని తువ్వాలు, అడుగున పాత ప్రశ్నపత్రములు. ఏ వస్తువు కావలసినను వాడు పెట్టెను బోర్లించినట్లు వెదకెడివాడు. ఇంకొకడు నిరుపేద. వాని తండ్రి కూలివాడు. వానికి ఒక చిన్న రేకుపెట్టె, ఎరువు సంచితో కుట్టిన యొక గుడ్డలమూట, అంతియే.

ఒకనాటి ఉదయమున కలిగినవాడు ఏడ్చుచు నా యొద్దకు వచ్చెను. పరీక్ష రుసుమునకై ఇంటి నుండి తెచ్చిన మూడు వందల రూపాయలు కనబడుట లేదనెను. గదిలోని వారందరు వెదకిరి. పెట్టె అంతయు క్రింద గ్రుమ్మరించిరి. దొరకలేదు. అప్పుడెవ్వరో ఆ పేదబాలుని వైపు చూచిరి. ఒకరు చూచిన పిమ్మట అందరును చూచిరి. నేనును చూచితిని. “అయ్యవారూ, నేను తీయలేదండీ” అని వాడన్నాడు. నేను నమ్మియుండవలసినది. అటుల చేయక, పదిమంది యెదుట వాని పెట్టెను తెరిపించితిని.

ఆ పెట్టెలో నేమున్నదో నేటికిని నా కన్నులకు కట్టినట్లున్నది. రెండు చొక్కాలు, రెండు లాగులు, మడత చెడకుండ. తల్లి పాత చీరతో కుట్టిన దుప్పటి. ఒక మూల కాగితములో చుట్టిన రెండు పెన్సిళ్లు, ఒక రబ్బరు ముక్క. మరియొక మూల పుస్తకములు పొడవును బట్టి వరుసగా. మూతకు లోపలి వైపున అంటించిన కాగితముపై ఏ వస్తువెక్కడ నున్నదో వాని చేతివ్రాత. డబ్బు లేదు. ఆ పెట్టెయే వాని పక్షమున సాక్ష్యము చెప్పుచున్నది. తన రెండు పెన్సిళ్లకు లెక్క వ్రాసికొనువాడు పరుని సొమ్ముపై చేయి వేయునా? అక్షరములు నేర్పు నాకు ఆ సాక్ష్యమును చదువుట చేతగాలేదు. “ఎక్కడ దాచితివో చెప్పుము” అని మరల అడిగితిని. వాడు బదులు చెప్పలేదు. మరునాటి వేకువను మొదటి బస్సుకు వాడు వెళ్లిపోయినాడు. పెట్టె తీసికొని పోయెను.

తొమ్మిది దినములకు డబ్బు దొరకినది. కలిగినవాడు తన గణితపుస్తకమునకు వేసిన అట్ట మడతలో తానే పెట్టి మరచెను. పుస్తకముల గుట్టలో అడుగున బడి యుండుటచేత, వెదకినప్పుడు పుస్తకము చేతికి వచ్చినను మడత విప్పి చూచినవాడు లేడు.

ఆ సాయంకాలమే నేను పేదబాలుని ఊరికి పోయితిని. వాని తండ్రి గుడిసె ముందర నులకమంచము వాల్చి కూర్చుండబెట్టెను, మంచినీళ్లిచ్చెను. నేను జరిగినది చెప్పి క్షమింపుమని వేడితిని. ఆయన కొంతసేపు మిన్నకుండి, “మావాడు దొంగ కాడని మాకు తెలుసు అయ్యవారూ. మీకు తెలిసేసరికి ఆలస్యమైంది” అనెను. బాలుడు ఆ పొద్దు మిరప కోతకు పోయియుండెను. మరల రమ్మని ఎంత బ్రతిమాలినను రాలేదు. ఆ యేడు పరీక్షకు కూర్చుండలేదు. తరువాతి యేడును కూర్చుండలేదు.

దోషము ప్రధానముగా నాది. దానిని ఆ పెట్టెపై నెట్టి నేను తప్పించుకొనను. కాని ఆ పెట్టె చక్కగా నున్నయెడల ఆ తొమ్మిది దినములే యుండెడివి కావు. గదిలోని అస్తవ్యస్తము చూచుటకు బాగుండదని మాత్రమే మనమందుము. దానికంటె గొప్ప హాని వేరొకటి కలదు. వస్తువు ఎక్కడ నున్నదో తెలియనప్పుడు మనస్సు మనుష్యుల మీదికి పోవును. పోయినదేమో తెలియని చోట తీసినదెవ్వరను ప్రశ్న పుట్టును. ఆ ప్రశ్న ఎల్లప్పుడు బీదవాని గుమ్మమునకే నడచిపోవును. ఆనాటి నుండి పిల్లల పెట్టెలను గూర్చి నాకొక పట్టుదల యేర్పడినది. నేను సంపాదించిన అనుభవమును మీ యెదుట ఉంచుచున్నాను.

సర్దుట యనునది పట్టణపు విద్య అని మీరనుకొనవలదు. అది రైతు విద్య. మిరపకళ్లములో మీరు చేయునదేమి? కాయ ఎండిన పిమ్మట తాలుకాయను ఏరి వేరుగ రాశి పోయుదురు. రెండును కలిపి సంచికెత్తినచో గుంటూరు మిరపయార్డులో సంచి మొత్తమునకు ధర పడిపోవునని మీకు తెలియును. విత్తనపు గింజను తిండిగింజతో కలుపుదురా? పూర్వము జొన్నలను పాతరలో పోసినను, వడ్లను గాదెలో పోసినను, విత్తనమును మాత్రము బూడిదయు వేపాకును కలిపి వేరుకుండలో మూతికట్టి పెట్టెడివారు. వంటయింట మన యాడువారు కుండల దొంతరలో ఏ కుండలో ఏ పప్పున్నదో చీకటిలో సైతము చెప్పగలిగెడివారు. ఇంత యెరిగిన మనము బిడ్డ పెట్టెను సర్దునప్పుడు మాత్రము ప్రేమచేతనో, తొందరచేతనో, అన్నియు ఒక్కచో కుక్కి మూతపై మోకాలు పెట్టి నొక్కి తాళము వేయుచున్నాము.

ఇక పద్ధతి చెప్పెదను.

మొదటిది, కొలత. గదిలో నేల లేదని లెక్కించితిమి గదా. కాని మంచము క్రింద పదునెనిమిది చదరపుటడుగుల చోటు ఖాళీగా నున్నది. అదియే బిడ్డకు గాదె. కావున పెట్టె కొనకమున్ను, బిడ్డను చేర్పించుటకు పోయినప్పుడే, నేల నుండి మంచపు పట్టె వరకు గల ఎత్తును కొలిచికొని రావలెను. కొలబద్ద లేకున్న జాన కలదు. పట్టె ఎత్తుకంటె పెట్టె కనీసము బెత్తెడు తక్కువగ నుండవలెను. అంగడిలో పెద్దది చౌకగా వచ్చెనని కొనిన పెట్టె మంచము క్రింద పట్టక నడవలో నిలిచి, ఏడాది పొడుగున నలుగురి మోకాళ్లకు తగులుచుండుట నేను చూచితిని. ఒక్క పెద్ద పెట్టెకంటె ఒక మోస్తరు రేకుపెట్టెయు, రెండు చిన్న మూతడబ్బాలును మేలు. పెద్ద పెట్టెలో అడుగు వస్తువు తీయవలెనన్న పై వస్తువులన్నియు తీయవలెను. తీసినవి తిరిగి మడత పెట్టు ఓపిక పదునైదేండ్ల బిడ్డకుండదు.

రెండవది, విభాగము. వస్తువులను మూడు జాతులుగా విడదీయవలెను. నిత్యము కావలసినవి, వారమునకొకసారి కావలసినవి, ఎప్పుడో గాని అక్కరపడనివి. సబ్బు, దువ్వెన, పండ్లు తోముకొను సామగ్రి, ఆ నాటి పుస్తకములు, ఇవి చేయి చాచిన అందు చోట, మూతలేని చిన్నబుట్టలో నుండవలెను. ఉతికిన బట్టలు పెట్టెలో పైన. చలికాలపు దుప్పటి, పండుగ బట్టలు, గత సంవత్సరపు పుస్తకములు అడుగున. ఈ క్రమమొక్కటి తప్పకున్న సగము పని తీరినట్లే.

మూడవది, తిండి. మన పిల్లలు కందిపొడియు, గోంగూర పచ్చడియు, అరిసెలును లేక వెళ్లరు. వెళ్లవలదని నేననను. కాని తిండి ఎన్నడును బట్టలతోను కాగితములతోను ఒక్క పెట్టెలో నుండరాదు. బిగువైన మూతగల డబ్బా తిండికి వేరుగ కొని పంపుడు. పచ్చడి సీసాను ఒక గిన్నెలో నిలిపి ఆ డబ్బాలో నుంచవలెను. నూనె కారినను గిన్నెలో నిలుచును. నా హయాములో ఒక బాలిక సర్వీసు కమీషను పరీక్షకు పోవువేళ తన పదవ తరగతి పత్రమును తీయగా ఆవకాయ నూనెలో అక్షరములు తడిసి యుండెనని ఆమె తండ్రియే వచ్చి నాతో మొరపెట్టుకొనెను. తినుబండారములను పది దినములకు చాలునంతయే పంపుడు. నెలకు చాలునంత పంపినచో మొదటి వారము స్నేహితులకు, రెండవ వారము చీమలకు, మూడవ వారము ఎలుకలకు చెల్లును.

నాలుగవది, తడి. ప్లాస్టిక్ డబ్బా గాలి చొరనీయదు. అదియే దాని గుణము, అదియే దోషము. ఆరని తువ్వాలును అందులో పెట్టి మూత వేసినచో రెండు దినములకు బూజు పట్టును. తడిబట్ట దండెము మీదనే యుండవలెను. మాసిన బట్టలకు ఇంటిలోని పాత దిండుగలేబు ఒకటి చాలును. అది మేకుకు తగిలించినచో గాలియు తగులును. రేకుపెట్టెకు వానకాలమున త్రుప్పు పట్టును గనుక అడుగున పాత పత్రికను పరచి, దానిపై నీడను ఎండిన వేపాకు చల్లి, నేలకు తగులకుండ రెండు చెక్కముక్కలపై నిలుపవలెను.

ఐదవది, కాగితములు. ప్రవేశపత్రము, కుల ధ్రువపత్రము, ఆధారు కార్డు, బ్యాంకు పుస్తకము, డబ్బు, వీనికి ఒక సంచి వేరుగ నుండవలెను. అది పెట్టెలో ఒక్క చోటనే, ఎడమ ప్రక్కనో కుడి ప్రక్కనో, ఏడాది పొడుగున నుండవలెను. మూలపత్రములను ఇంటిలో నుంచి నకళ్లు పంపుట శ్రేష్ఠము. ఎంత తెచ్చితినో, ఏ నాడు ఎంత తీసితినో ఒక చీటిపై వ్రాసి ఆ సంచిలోనే పెట్టుకొనుట బిడ్డకు అలవరింపుడు. నేను చెప్పిన కథలో ఆ చీటి యున్నయెడల ఒక బాలుని చదువు నిలిచియుండెడిది.

ఆరవది, పుస్తకములు. గుట్టగా పేర్చిన పుస్తకములలో పైదే చదువబడును. అడుగుది పరీక్ష ముందరనాడు దర్శనమిచ్చును. నిలువుగా, వీపు మనవైపు కనబడునట్లు, ఒక అట్టపెట్టెలో నిలిపినచో ఏది తీసినను తక్కినవి కదలవు. పూర్వము తాళపత్ర గ్రంథములను గుడ్డలో చుట్టి, పేరు వ్రాసిన చీటిని వ్రేలాడగట్టెడివారు. మూట విప్పకయే లోపల నేమున్నదో తెలిసెడిది. పేరు వ్రాసిన చీటి ప్రతి డబ్బాపైనను ఉండవలెను. ఇది మన పెద్దల పద్ధతియే, పాశ్చాత్యుల నుండి అరువు తెచ్చినది కాదు.

ఇంతవరకు విని, “పంతులుగారు డబ్బాలు అమ్ము అంగడివాని పక్షమున మాటలాడుచున్నారు” అని అనుకొనవలదు. డబ్బాలు ఎక్కువైనచో వానిని సర్దుటకు వేరొక డబ్బా కావలసివచ్చును. కొనుటకు ముందు తీసివేయుట నేర్వవలెను. బొత్తాములు లేని చొక్కా, వ్రాయని కలము, ఎవరో పెండ్లిలో నిచ్చిన ప్లాస్టిక్ బొమ్మ, వీనికి ఆ పండ్రెండడుగులలో చోటు లేదు. మిగిలినవానికి ఇంటిలోని బిస్కత్తు రేకుడబ్బా, చెప్పుల అట్టపెట్టె, బియ్యపుసంచితో కుట్టిన సంచి చాలును. ఒక్క మాట మాత్రము గట్టిగా చెప్పుచున్నాను. పురుగుమందు వచ్చిన డబ్బాను, ఎన్నిమారులు కడిగినను, బిడ్డ తిండికిగాని నీళ్లకుగాని ఇయ్యరాదు. పత్తి, మిరప పండించు మన పల్నాటిలో ఈ హెచ్చరిక అవసరము.

ఆడపిల్లల విషయమున మరియొక మాట. ఆమెకు తాళము పడు చిన్నపెట్టె యొకటి తప్పక ఇయ్యుడు. అందు ఆమె స్వవిషయములైన వస్తువులుండును. తండ్రియైనను, అన్నయైనను, ఆమె లేనప్పుడు దానిని తెరవరాదు. మగపిల్లలకును ఇదియే ధర్మము. నలుగురి నడుమ బ్రతుకు బిడ్డకు తనదని చెప్పుకొనుటకు ఆ పెట్టె యొక్కటియే కలదు. దానిని పదిమంది యెదుట తెరిపించిన నేను ఈ మాట చెప్పుటకు అర్హుడనో కానో మీరే నిర్ణయింపుడు.

కడపటి పద్ధతి అన్నిటికంటె ముఖ్యమైనది. పెట్టెను మీరు సర్దవలదు. బిడ్డచేత సర్దింపుడు. ప్రయాణమునకు వారము దినముల ముందే పెట్టెను వసారాలో పెట్టి, వస్తువులన్నియు చాపపై పరపించి, ప్రక్కన కూర్చుండి చూడుడు. తప్పుగా పెట్టినచో “దీనిని రాత్రి దీపము లేనప్పుడు తీయగలవా?” అని ఒక్క ప్రశ్న వేయుడు. వాడే మార్చుకొనును. తాను పెట్టిన వస్తువు తనకు దొరకును. తల్లి పెట్టినది వెదకుకొనవలసి వచ్చును. అక్కడికి పోయిన తరువాత ఆదివారము నాడు తలంటుకొన్న పిమ్మట అరగంట పెట్టెకు కేటాయింపుమని చెప్పి పంపుడు. గదిలోని నలుగురు కూడి, ఊడ్చు వంతు, నీళ్లకుండ వంతు, దండెముపై ఎవరి భాగమెంతయో మొదటి దినముననే నిశ్చయించుకొనవలెను. మనము కాలువ నీటికి వంతులు పెట్టుకొనుట లేదా? నీరు చాలని చోటనే వంతు కావలెను. చోటు చాలని చోటను అంతియే.

ఆ బాలుని సంగతి ముగించి సెలవు తీసికొందును. ఇప్పుడతడు గృహస్థుడు. రెండెకరములు కౌలుకు చేయుచున్నాడు. త్రోవలో ఎదురైనచో నమస్కరించును. నేనును నమస్కరింతును. ఆనాటి మాట మా నడుమ ఎన్నడును రాలేదు. గత జూన్ నెలలో అతడు మా యింటికి వచ్చి, తన కుమార్తెకు వసతిగృహములో చోటు దొరకినదనియు, పెట్టె కొనవలెననియు, నరసరావుపేటకు తోడు రమ్మనియు అడిగెను. వెళ్లితిమి. అంగడివాడు రంగురంగుల పెట్టెలెన్నియో చూపెను. అతడు అన్నిటిని ప్రక్కకు నెట్టి, లోపలి వస్తువు బయటికి కనబడు తెల్లని మూతడబ్బా నొకదానిని చేతికి తీసికొని, “ఇది చాలును అయ్యవారూ. లోన ఏమున్నదో అందరికీ కనబడుతుంది” అనెను.

నాకు కొంతసేపు మాట రాలేదు. పిమ్మట నేను నా డబ్బుతో తాళము పడు చిన్న రేకుపెట్టె యొకటి కొని, “ఇది కూడ అమ్మాయికి ఇమ్ము. దీనిని తెరువుమని అడుగుటకు ఎవ్వరికిని హక్కు లేదని చెప్పుము” అంటిని. అతడు పెట్టెను అటునిటు త్రిప్పి చూచి, తాళపుచెవిని రుమాలులో ముడివేసికొనెను. ఇద్దరమును బస్సెక్కితిమి.

ఈ జూన్ నెలలో మీ యింటి వసారాలో పెట్టె తెరచియున్నప్పుడు ఈ ముసలి పంతులు మాట ఒక్కటి జ్ఞాపకమునకు వచ్చిన చాలును. సెలవు.